పిల్లల చిగుళ్లు మీరే ఎలా చూడాలి? నెలకోసారి ఇంట్లో చేసుకునే పరీక్ష

పిల్లల నోట్లో మనం వెతికేది పిప్పి పన్ను ఒక్కటే. నల్లగా గుంట పడితే, రాత్రిపూట పిల్ల నిద్రపోనివ్వకుండా ఏడిస్తే, బుగ్గ వాస్తే, అప్పుడు పరకాల నుంచో నర్సంపేట నుంచో హన్మకొండ బస్సెక్కుతాం. చిగుళ్ల సంగతి ఎవరికీ పట్టదు, ఎందుకంటే అవి నొప్పి పెట్టవు. బ్రష్ మీద ఎర్రగా కనిపించినా "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని నానమ్మ ఒక మాట అంటుంది, మెడికల్ షాపులో సి విటమిన్ గోలీలు ఇస్తారు, అంతటితో సరి. అదే మనిషికి ముప్పై దాటినంక పళ్లు కదులుతుంటే "మా నాయినకు గూడ గిట్లనే ఊడినయి, మా వంశమే అంత" అంటారు. క్లినిక్‌లో ఈ మాట నేను వినని వారం ఉండదు.

నేను డెంటల్ డాక్టర్‌ని, వరంగల్ చుట్టుపక్కల బడుల్లో క్యాంపులకు కూడా పోతుంటాను. ఇక్కడ చెప్పేది తల్లిదండ్రుల కోసం, టీచర్ల కోసం, అంగన్‌వాడీ వాళ్ల కోసం. పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్ టార్చి, మెత్తటి బ్రష్ ఉంటే చాలు. దీంతో జబ్బు ఏదో మీరు తేల్చలేరు, తేల్చాల్సిన పని కూడా లేదు. ఏ పిల్లకు ఇంట్లో శుభ్రంగా తోమిస్తే సరిపోతుంది, ఏ పిల్లను డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి, ఇది తెలిస్తే చాలు.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో. పళ్లు తోమిన కొన్ని గంటలకే పంటి మీద మళ్లీ పాచి పేరుకోవడం మొదలవుతుంది, జిగటగా ఉండే సూక్ష్మజీవుల పొర అది. పన్ను, చిగురు కలిసే గీత దగ్గర ఆ పొరను రోజూ తీసేయకపోతే చిగురు వాస్తుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. 1965లో డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న 12 మందిని కావాలనే పళ్లు తోమకుండా ఉంచి చూశారు, అందరికీ 10 నుంచి 21 రోజుల్లో చిగుళ్ల వాపు వచ్చింది, మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో తగ్గిపోయింది. పిల్లల్లో కనిపించేది చాలా వరకు ఈ రకమే, పూర్తిగా వెనక్కి తిరిగేదే. రెండో రకం వేరు. అందులో పంటిని పట్టుకుని ఉండే ఎముక కరుగుతుంది, కరిగిన ఎముక దానంతట అది మళ్లీ పెరగదు. ఇది పిల్లల్లో తక్కువ, కానీ ఉంది, అదీ ఒక్కోసారి పళ్లు తళతళలాడే పిల్లల్లోనే ఉంటుంది. మనం చేసే పరీక్షంతా ఈ రెంటినీ వేరు చేసుకోవడం కోసమే.

నోరు తెరిపించకముందు

కొన్ని ప్రశ్నలకు జవాబులు నోట్లో దొరకవు, ఇంట్లో దొరుకుతాయి. అవి ముందు ఒక కాగితం మీద రాసుకోండి.

అమ్మకో నాన్నకో, మేనమామకో, అన్నకో అక్కకో చిన్న వయసులోనే, అంటే 35 ఏండ్లు కూడా రాకముందే పళ్లు కదిలి ఊడిపోయాయా? పుచ్చి పీకించుకున్నవి కాదు, మంచి పన్నే కదిలి ఊడినవి. ఉంటే ఈ పిల్లను మిగతా పిల్లల కంటే జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఎముక కరిగే రకం కుటుంబాల్లో నడుస్తుంది.

పిల్లకు షుగర్ ఉందా, ఇన్సులిన్ వాడుతున్నారా? షుగర్ అదుపులో లేని పిల్లల్లో కొంచెం పాచికే చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కూడా ఎముక దాకా పోయే ముప్పు ఎక్కువ, వీళ్లను ఏ లక్షణం లేకున్నా డాక్టర్‌కు చూపిస్తూ ఉండాలి.

ఫిట్స్ మందు ఏదైనా వేస్తున్నారా? ఫెనిటాయిన్ అనే మందుకు, మన దగ్గర ఎక్కువమందికి ఎప్టాయిన్ అంటే తెలుస్తుంది, చిగురు పెరిగి పంటి మీదికి ఎక్కే గుణం ఉంది, మొదలుపెట్టిన కొన్ని నెలల్లోనే కనిపించొచ్చు. పాచి ఎంత ఉంటే అంత ఎక్కువ పెరుగుతుంది. ఇది చదివి మందు ఆపేశారంటే పిల్లకు ఫిట్స్ వస్తాయి, కాబట్టి మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ముందు ఆ మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి.

నోరు తెరుచుకుని పడుకుంటుందా? ఎప్పుడూ జలుబు, గురక? ఇట్లాంటి పిల్లల్లో పై ముందు పళ్ల చిగురు ఒక్కటే ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎండిపోయినట్టు ఉంటుంది, ఎంత తోమినా తగ్గదు. ముక్కులో అడ్డం ఉందేమో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపిస్తే తప్ప చిగురు బాగుపడదు.

అరచేతులు, అరికాళ్లు చిన్నప్పటి నుంచే మందంగా, పొలుసుల్లాగా, పగుళ్లతో ఉన్నాయా? చాలా అరుదైన జబ్బు ఒకటుంది, పాపియాన్ లెఫెవ్ర్ సిండ్రోమ్ అంటారు, అందులో పాలపళ్లు నాలుగైదేండ్లకే వరసగా ఊడిపోతాయి, తర్వాత వచ్చేవి కూడా నిలవవు. తల్లి నుంచి, తండ్రి నుంచి, ఇద్దరి నుంచీ ఆ జన్యు లోపం వస్తేనే ఇది వస్తుంది. మనదగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి అడుగుతున్నాను, తప్పు పట్టడానికి కాదు.

12, 13 దాటిన మగపిల్లలను ఇంకో ప్రశ్న అడగాలి, అదీ అందరి ముందు కాదు, కొట్టే ధోరణిలో కాదు. గుట్కా, ఖైనీ, అంబర్, ఏదైనా. 18 ఏండ్ల లోపు పిల్లలకు పొగాకు అమ్మొద్దని, బడికి 100 గజాల లోపు అమ్మొద్దని 2003 నుంచి చట్టం ఉంది, ఉన్నా దొరుకుతున్నదని మీకూ తెలుసు. నోట్లో పెట్టుకునే చోట చిగురు కిందికి దిగిపోతుంది, పెదవి లోపల తెల్లగా ముడతలు పడుతుంది. పిల్లగాడి సొంత మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమనండి. పట్టకపోతే అది చిగుళ్ల సంగతి కాదు, వక్క వల్ల బుగ్గలు బిగుసుకుపోవడం కావచ్చు, వెంటనే చూపించాలి.

కూర్చోబెట్టడం

రాత్రి అన్నం తిన్నాక, బ్రష్ చేయకముందు చూడండి. అప్పుడే రోజంతా పేరుకున్న పాచి ఎక్కడెక్కడ మిగులుతున్నదో తెలుస్తుంది. ఒకసారి నీళ్లతో పుక్కిలించమనండి, లేకపోతే అన్నం మెతుకులే పాచిలాగా కనిపిస్తాయి. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

నాలుగేండ్ల లోపు పిల్లలకు ఇద్దరు మనుషులు కావాలి. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చోవాలి, పిల్ల ఒకరి నడుముకు అటూ ఇటూ కాళ్లు వేసి వాళ్ల వైపు ముఖం పెట్టి కూర్చుని, వెనక్కి వాలి రెండో వాళ్ల ఒడిలో తల పెట్టాలి. తల పట్టుకున్నవాళ్లు చూస్తారు, అవతలి వాళ్లు చేతులు పట్టుకుంటారు. ఏడిస్తే ఏడవనివ్వండి, ఏడ్చే నోరు బాగా తెరుచుకుంటుంది. పెద్ద పిల్లలనైతే కుర్చీలో కూర్చోబెట్టి మీరు వెనక నిలబడి తల మీ పొట్టకు ఆనించుకోండి, ఒకరు ఫోన్ టార్చి పట్టుకోవాలి. వేలితో పెదవిని, బుగ్గను పక్కకు లాగి పట్టి చూడాలి. పళ్లు చూపించు అంటే పిల్లలు ఇకిలిస్తారు, దాంతో పంటి సగమే కనిపిస్తుంది, మనకు కావాల్సింది పంటి మొదలు.

పిన్నీసు, పొరకపుల్ల, టూత్‌పిక్ దగ్గరికి రానివ్వొద్దు. చిగురు సందులోకి ఏదీ దూర్చడం మన పని కాదు.

ఎక్కడ చూడాలి: ఆరు పళ్లు

7 ఏండ్లు దాటిన పిల్లల్లో నోరంతా వెతకాల్సిన పని లేదు. డాక్టర్లు కూడా ఆరు పళ్లే చూస్తారు: నాలుగు మూలలా నాలుగు మొదటి పెద్ద దవడ పళ్లు, పైన కుడివైపు నడిమి ముందు పన్ను, కింద ఎడమవైపు నడిమి ముందు పన్ను. ఇవన్నీ మొదట్లోనే వచ్చే పక్కా పళ్లు, అంటే ఊడకుండా జీవితాంతం ఉండాల్సినవి, ఎక్కువకాలం పాచిని భరించినవి, పైగా ఎముక కరిగే రకం మొదలయ్యేది కూడా మామూలుగా వీటి దగ్గరే.

ఆ మొదటి దవడ పన్ను గురించి ఒక మాట చెప్పాలి, చాలామందికి తెలియదు. అది 6 ఏండ్లప్పుడు వస్తుంది, పాలపళ్లలో చివరిదాని వెనక. దానికోసం ఏ పాల పన్నూ ఊడదు, అందుకే వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఇది పాల పన్నే కదా, ఊడి మళ్లీ వస్తది" అని వదిలేస్తారు. అది మళ్లీ రాదు. ముందు నడిమి పన్ను నుంచి ఆరోది అని లెక్కపెట్టుకోండి.

6 ఏండ్ల లోపు పిల్లల్లో ఆరు పళ్ల లెక్క లేదు. పై ముందు పళ్ల చిగుళ్ల గీత, చివరి పాల దవడ పళ్ల చుట్టూ చూస్తే సరిపోతుంది.

ఏం చూడాలి

రంగుతో మొదలుపెడతారు అందరూ, మన పిల్లల్లో రంగు మోసం చేస్తుంది. పుస్తకాల్లో చిగురు గులాబీ రంగులో ఉంటుంది. మన దగ్గర చాలామంది పిల్లల చిగుళ్ల మీద గోధుమ రంగు, నలుపు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, అది చర్మం రంగు లాంటిదే, జబ్బు కాదు, రుద్ది తెల్లగా చేయాలని చూడొద్దు. అట్లాంటి చిగురులో ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి ఆకారం చూడండి. మంచి చిగురు పంటికి అంటుకుని, అంచు పలుచగా, రెండు పళ్ల మధ్య మొనదేలి ఉంటుంది. పెద్ద పిల్లల్లో పైభాగం మీద బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంటలు కనిపిస్తాయి. వాచిన చిగురు అంచు మందంగా గుండ్రంగా తిరుగుతుంది, రెండు పళ్ల మధ్య మొన ఉబ్బి బొడిపెలాగా అవుతుంది, గుంటలు పోయి నిగనిగలాడుతుంది. టార్చి పక్క నుంచి వేస్తే ఆ మెరుపు ఇట్టే తెలుస్తుంది.

కొన్నింటికి కంగారు అక్కర్లేదు. పక్కా పన్ను బయటికొచ్చేటప్పుడు దాని చుట్టూ చిగురు కొంచెం ఎర్రగా ఉబ్బడం, ఒక్కోసారి నీలంగా బుడగలాగా కనిపించడం మామూలే. ఊడబోయే పాల పన్ను చుట్టూ ఎర్రబడటం కూడా అంతే. మటన్ తిన్న మరునాడు రెండు దవడ పళ్ల మధ్య ఒక్కచోట వాచిందంటే పీచు ఇరుక్కుని ఉంటుంది, తీసేస్తే తగ్గుతుంది, అయితే ప్రతిసారీ అదేచోట ఇరుక్కుంటుంటే ఆ సందులో పళ్లు పుచ్చుతున్నాయేమో చూపించాలి. పుచ్చిన పాల పన్ను పక్కన, చిగురు అంచుకు కొంచెం దూరంగా, చీము పొక్కు లేస్తే అది పంటి వేరు నుంచి వచ్చింది. చిగుళ్ల జబ్బు కాదు, కానీ దానికీ డాక్టర్ కావాలి.

కింది ముందు పళ్లలో ఒక్కదానికి మాత్రం చిగురు కిందికి జారి పన్ను పొడుగ్గా కనిపించడం పిల్లల్లో అప్పుడప్పుడు చూస్తాం. ఇరుకుగా ఉండి ఆ పన్ను బయటికి తోసుకొచ్చినా, గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దినా ఇట్లా అవుతుంది. ఫొటో తీసి పెట్టుకుని తర్వాతి నెల పోల్చి చూడండి. పెరుగుతుంటే చూపించండి.

రక్తం వస్తుందా

ఇదే అసలు పరీక్ష. మెత్తటి బ్రష్ తీసుకోండి, పేస్టు వేయొద్దు, తడిపితే చాలు. కుచ్చును చిగురు వైపు ఏటవాలుగా, సగం పంటి మీద సగం చిగురు మీద ఉండేట్టు ఆనించి, ఆ ఆరు పళ్ల దగ్గర మెల్లగా చిన్న చిన్నగా కదపండి. ఒత్తొద్దు. అర నిమిషం ఆగి మళ్లీ టార్చి వేయండి. గీత వెంట ఎర్రటి చుక్క తేలిందా?

నోట్‌బుక్‌లో ఆరు గళ్లు గీసుకుని, పైన మూడు కింద మూడు, ఒక్కో గడిలో అంకె వేయండి. ఏమీ లేకపోతే 0. రక్తం వస్తే 1. గార కనిపిస్తే, రక్తం వచ్చినా రాకున్నా 2. ఈ అంకెలు డాక్టర్లు వాడేవాటికి దగ్గరగా ఉన్నవే, మీరు ఆ కాగితం తీసుకొస్తే చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

గార అంటే పాచి గట్టిపడి రాయిలాగా అయినది. రెండు చోట్ల ముందు పేరుకుంటుంది: కింది ముందు పళ్ల లోపలి వైపు, నాలుక తగిలే చోట, ఇంకా పై దవడ పళ్ల బుగ్గ వైపు. లాలాజలం గ్రంథుల నుంచి నోట్లోకి వచ్చేది అక్కడే కాబట్టి అందులోని ఖనిజాలు అక్కడే అతుక్కుంటాయి. పసుపుపచ్చగానో గోధుమ రంగుగానో, పంటి మొదట్లో అంటుకుని ఉంటుంది, బ్రష్‌తో పోదు. దీన్ని ఫ్లోరైడ్ మచ్చలతో కలపొద్దు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో పెరిగిన పిల్లలకు పంటి మీదే తెల్ల గీతలు, గోధుమ మచ్చలు ఉంటాయి, అవి పంటి నడిమి నుంచి కొస దాకా ఎక్కడైనా ఉంటాయి, నునుపుగా ఉంటాయి. గార మాత్రం చిగురు గీతను పట్టుకునే ఉంటుంది, ఎత్తుగా ఉంటుంది. పిన్నీసుతో గీకి చూద్దామనిపిస్తుంది, వద్దు.

పాచి ఎక్కడ మిగులుతున్నదో పిల్లకే చూపించాలంటే ఎర్రటి ఫుడ్ కలర్ ఒక చుక్క కొంచెం నీళ్లలో కలిపి పుక్కిలించి ఊయమనండి, తర్వాత ఒకసారి మామూలు నీళ్లతో కడిగిస్తే పాచి ఉన్నచోట రంగు నిలిచిపోతుంది. మింగకుండా ఊయడం వచ్చిన పిల్లలకే చేయండి. పాత బనియన్ వేసి చేయండి, మరకలు పోవు. ఇదొక్కటీ పిల్లలకు భలే నచ్చుతుంది, ఎంత చెప్పినా వినని పోరలు కూడా అద్దం ముందు నిలబడి ఆ ఎరుపు పోయేదాకా రుద్దుతారు.

1 వస్తే రెండు వారాలు ఇంట్లోనే

రక్తం వచ్చిందని బ్రష్ ఆపేస్తారు, అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. ఆపితే పాచి పెరుగుతుంది, ఇంకా ఎక్కువ రక్తం వస్తుంది. రక్తం వచ్చే చోటే ఇంకొంచెం సేపు, మెత్తటి బ్రష్‌తో, ఒత్తకుండా తోమాలి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, రాత్రి పడుకునే ముందు తోమడం మాత్రం తప్పొద్దు, తోమాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు. ఫ్లోరైడ్ పేస్టు మూడేండ్ల లోపు బియ్యం గింజంత, మూడు నుంచి ఆరేండ్ల దాకా బఠానీ గింజంత. 7, 8 ఏండ్లు వచ్చేదాకా తోమాల్సింది మీరే. ఆ వయసు పిల్లలకు చేతి నైపుణ్యం రాదు, ముందు నాలుగు పళ్లు రుద్ది వెళ్లిపోతారు.

బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక, ఉప్పు వద్దు. వేపపుల్ల మీద నాకు కోపం లేదు, కానీ దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల అందదు, పిల్లల చేతిలో చిగురు గీరుకుంటుంది. ఘాటుగా మంట పుట్టించే ఎర్ర పళ్లపొడుల్లో కొన్నింటిలో పొగాకు కలిసి ఉంటుంది, పేరు తెలియనిదైతే దూరంగా పెట్టండి.

రెండు వారాలు ఇట్లా నిఖార్సుగా చేసి మళ్లీ అదే పరీక్ష చేయండి. అంకెలన్నీ 0 అయితే సమస్య పాచితోనే అన్నమాట, నెలకోసారి చూసుకుంటే చాలు. పాచి పోయినా రక్తం ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 2 ఉంటే రెండు వారాలు ఆగాల్సిన పనే లేదు, గార తీయించాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి అన్నది ఉత్త మాట. పేరుకున్న గార పోయాక సందు కనిపిస్తుంది, వాపు తగ్గి చిగురు దిగుతుంది, దాన్ని చూసి అట్లా అనుకుంటారు.

ఈడొచ్చే వయసులో, 11 నుంచి 14 మధ్య, హార్మోన్ల వల్ల అదే పాచికి చిగుళ్లు ఎక్కువగా స్పందిస్తాయి. ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజుల్లో నువ్వులు, బెల్లం బాగా పెడతారు, పెట్టండి, కానీ ఆ రోజుల్లో రాత్రి బ్రష్ మాత్రం తప్పనివ్వొద్దు. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు కూడా ఇదే వయసు, తీగల కింద పాచి దాక్కుంటుంది, వాళ్లను రెండు వారాలకోసారి చూడండి.

కదిలే పన్ను, కొత్తగా వచ్చిన సందు

6, 7 ఏండ్లకు కింది ముందు పాలపళ్లు కదిలి ఊడతాయి, తర్వాత పైవి, పాల దవడ పళ్లు 9 నుంచి 12 మధ్య. ఈ లెక్కకు ముందే, దెబ్బ తగలకుండా, మూడు నాలుగేండ్ల పిల్లకు పాల పన్ను కదిలిందంటే మామూలు విషయం కాదు. వేరుతో సహా నిండు పన్ను ఊడి చేతికొస్తే దాన్ని పారేయకుండా డబ్బాలో వేసి తీసుకురండి, ఎందుకంటే మామూలుగా ఊడే పాల పంటికి వేరు కరిగిపోయి ఉంటుంది. వేరు కరగకుండా ఊడింది అంటే ఎముకకు సంబంధించిన అరుదైన జబ్బులను వెతకాల్సి ఉంటుంది.

పక్కా పన్ను ఏ వయసు పిల్లలకైనా దెబ్బ లేకుండా కదలకూడదు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది 12, 14 ఏండ్ల పిల్ల, పళ్లు ముత్యాల్లాగా శుభ్రంగా ఉంటాయి, రక్తం అంతగా రాదు, పాచి పెద్దగా ఉండదు, కానీ పై ముందు పళ్ల మధ్య ఏడాది కిందట లేని సందు వచ్చి ఉంటుంది. తల్లి "క్లిప్పులు వేస్తే దగ్గరికొస్తయా డాక్టర్‌గారూ" అని తీసుకొస్తుంది. ఎక్స్‌రే తీస్తే మొదటి దవడ పళ్ల పక్కన ఎముక నిలువుగా కోసినట్టు కరిగి ఉంటుంది. దవడ పళ్లు, ముందు పళ్ల దగ్గర మాత్రమే వచ్చే రకం ఇది, సాధారణంగా ఈడొచ్చే వయసులో మొదలవుతుంది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లలో కూడా కనిపిస్తుంది. 2018 దాకా దీన్ని ఎగ్రెసివ్ పీరియోడాంటైటిస్ అనేవాళ్లం, ఇప్పుడు కొత్త వర్గీకరణలో ఆ పేరు తీసేశారు, పాత చీటీల్లో మీకు ఇంకా కనిపించొచ్చు. తొందరగా దొరికితే పళ్లు నిలబెట్టగలం. అందుకే పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి చూడమంటున్నాను, ముందు పళ్ల మధ్య సందు నోట్లో కంటే ఫొటోలోనే తొందరగా దొరుకుతుంది. బతుకమ్మ సెలవుల్లో తీసిన నవ్వు ముఖం ఫొటోలు ఏడాదికొకటి ఉంటే అవే చాలు.

ఆగకూడనివి

చిగుళ్లు అన్నివైపులా ఉబ్బి, మెత్తగా, ముట్టకుండానే రక్తం కారుతూ, దాంతోపాటు పిల్ల పాలిపోయి, తగ్గని జ్వరం, ఒంటి మీద ఎర్ర చుక్కలో నీలం మచ్చలో ఉంటే అది డెంటల్ క్లినిక్ పని కాదు. ఆ రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి, వరంగల్‌లోనైతే ఎంజీఎం ఆస్పత్రికి పోయి రక్త పరీక్ష చేయించాలి. రక్త క్యాన్సర్ కొందరు పిల్లల్లో ముందు చిగుళ్లలోనే బయటపడుతుంది. ఎక్కువసార్లు అది ఉండదు, కానీ రక్త పరీక్ష చేస్తేగానీ లేదని చెప్పలేం.

చిన్న పిల్లలకు జ్వరంతో చిగుళ్లు ఎర్రగా వాచి, నాలుక, పెదవుల మీద పుండ్లు లేచి, అన్నం నీళ్లు ముట్టకపోతే సాధారణంగా అది హెర్పిస్ వైరస్. 10 నుంచి 14 రోజుల్లో తగ్గుతుంది, కానీ నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోతుందేమో చూసుకోవాలి, మూత్రం తగ్గితే ఆస్పత్రికి.

బడిలో, హాస్టల్లో చేస్తే

టీచర్లు చూడటం వరకే, ముట్టొద్దు. పెదవి పిల్లే లాగి పట్టుకోవాలి, మీరు టార్చి వేయాలి. ఎవరి బ్రష్ వాళ్లదే, గురుకులాల్లో బ్రష్‌లన్నీ ఒక్క మగ్గులో గుచ్చి ఉంచుతారు, ముందు అది మార్పించండి. తల్లిదండ్రులకు ముందే చీటీ పంపండి. క్లాసులో అందరి ముందు "నీ నోరు వాసన" అనే మాట రాకూడదు, అన్నారంటే ఆ పిల్ల తర్వాత ఎప్పుడూ నోరు తెరవదు. రాసిన కాగితం పెద్ద సారు బీరువాలో ఉండాలి, బోర్డు మీద కాదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి డాక్టర్ల టీం బండిలో వస్తుంది, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలని నియమం. 18 ఏండ్ల దాకా పిల్లలను చూస్తారు, వాళ్లు చూసే సమస్యల్లో పళ్లవి కూడా ఉన్నాయి. అయితే ఒక్కరోజులో బడంతా చూడాలి, గుంటలు వెతికేసరికే టైం అయిపోతుంది. అందుకే మీరు ముందే అంకెలు వేసి, 2 వచ్చినవాళ్లను, కదిలే పళ్లున్నవాళ్లను, ఇన్సులిన్, ఫిట్స్ మందు వాడేవాళ్లను వేరే లిస్టు చేసి వాళ్ల చేతికిస్తే ఆ పిల్లలను పై ఆస్పత్రికి రాసిస్తారు.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

"పళ్లతో పాటు చిగుళ్లు కూడా కొలవండి" అని అడగండి. ఏమీ అనుకోరు. చివర అర మిల్లీమీటరు గుండు, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్ల పట్టీ ఉన్న సన్నటి పరికరంతో పంటికీ చిగురుకూ మధ్య సందు లోతు చూస్తారు. చాలా మెల్లగా ఆనిస్తారు, గుచ్చరు. మామూలు లోతు 3 మిల్లీమీటర్ల లోపు. నల్ల పట్టీ సగం మునిగితే 3, మొత్తం మునిగితే 4 అని రాస్తారు. 7 నుంచి 11 ఏండ్ల పిల్లలకు మాత్రం 0, 1, 2 వరకే వేస్తారు, పళ్లు ఇంకా బయటికొస్తుంటాయి కాబట్టి లోతు ఉన్నట్టు కనిపించినా అది నిజం లోతు కాదు. 12 దాటాక అన్ని అంకెలూ వేస్తారు. 3, 4 వస్తే ఎక్స్‌రే అడుగుతారు, దానికి వెనకాడొద్దు, ఎముక కరిగిందో లేదో బయటి నుంచి చూసి చెప్పలేం.

ఊళ్లోని క్లినిక్‌లో తేలకపోతే చిగుళ్ల నిపుణుల విభాగం డెంటల్ కాలేజీల్లో ఉంటుంది, మనవైపు వాళ్లకు ఖమ్మం, నిజామాబాద్‌లలో ఉన్నాయి, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

మామూలు పిల్లలకు ఇంట్లో నెలకోసారి, డాక్టర్ దగ్గర ఆరు నెలలకోసారి. పైన రాసుకున్న కాగితంలో ఒక్క ప్రశ్నకైనా "అవును" ఉంటే ఎన్నాళ్లకోసారి రావాలో డాక్టర్‌నే అడిగి ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం, గళ్ల నోట్‌బుక్, ఫోన్‌లో ఫొటోలు, వాడుతున్న మందుల షీట్లు తీసుకెళ్లండి. పిల్ల చిగుళ్లు చూపించడానికి వెళ్లిన రోజే అమ్మానాన్నలు కూడా కుర్చీలో కూర్చుని చూపించుకోవాలి, ముఖ్యంగా ఎక్స్‌రేలో ఎముక కరిగిందని తేలిన పిల్ల అయితే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా వెంట తీసుకురండి.